స్టీరింగ్‌లో బెత్తెడు ఆట

సంక్రాంతి దాటిన వారానికి మా మేనల్లుడు బండేసుకుని మానుకోటలో మా ఇంటికొచ్చాడు. 2008 నాటి టాటా 207. నంబరు ఇంకా ఏపీ 36, అంటే వరంగల్ జిల్లా ఒక్కటిగా ఉన్నప్పటిది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు పుట్టాక భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 వచ్చాయి. అల్లుడి బండి మాత్రం పాత నంబరుతోనే మరిపెడ, కేసముద్రం పల్లెల నుంచి ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోస్తోంది.

దిగీ దిగకముందే అడిగాడు. "మామా, స్టీరింగ్ డబ్బా పోయిందట. రేపు వరంగల్ పోయి కొత్తది తెస్తా. ఏ కంపెనీది తెమ్మంటవ్?"

"పోయిందని ఎవరన్నరు?"

"మెకానిక్ అన్నడు."

"కిందికి దూరి చూసిండా?"

"లే. పైనుంచి తిప్పి చూసిండు."

నేను ఆర్టీసీలో 38 ఏళ్లు పనిచేశాను. 1986లో శ్రామిక్‌గా చేరి, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిపోల గ్యారేజీల్లో తిరిగి, 2024లో మెకానిక్‌గా రిటైరయ్యాను. అంతకుముందు జనగామలో ఒక జీపుల షెడ్డులో ఉస్తాద్‌కు పానాలు అందించిన పిల్లగాణ్ని. ఇన్నేళ్లలో "ఏ కంపెనీది?" అనే ప్రశ్న వెయ్యిసార్లు విన్నాను. దానికి ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఆట, అంటే స్టీరింగ్ కదిలినా చక్రం కదలని ఖాళీ, ఎక్కడుంది? ఎంతుంది? ఈ రెండూ తేలకుండా దుకాణం మెట్లెక్కితే డబ్బా మారుతుంది గానీ జబ్బు మారదు.

లోపలికెళ్లి మా ఆవిడ జాకెట్లు కొలిచే టేపు తెచ్చాను.

ముందు టేపు, తర్వాత పానా

బండిని చదును నేల మీద ఆపించాను. ముందు చక్రాలు తిన్నగా పెట్టించాను. అల్లుడు సీట్లో కూర్చున్నాడు, నేను చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాను. స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు తిప్పమన్నాను. కింద చక్రం కదలబోతుండగా "ఆగు" అన్నాను. స్టీరింగ్ అంచు మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. మళ్లీ కుడికి, మళ్లీ "ఆగు", ఇంకో గీత. రెండు గీతల మధ్య టేపు పెడితే 16 సెంటీమీటర్లు వచ్చింది. ఇది మెకానికల్ స్టీరింగ్ కాబట్టి ఇంజన్ ఆపి కొలిచాం. పవర్ స్టీరింగ్ అయితే ఇంజన్ నడుస్తుండగా కొలవాలి.

దీనికి చట్టంలో లెక్క ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది స్టీరింగ్ గురించే. స్టీరింగ్ చక్రం దగ్గర ఆట 30 డిగ్రీలు దాటకూడదు. జాయింట్లకు రబ్బరు టోపీలుండాలి. బోల్టులు, పిన్నులు ఊడిరాకుండా లాక్ అయి ఉండాలి. అల్లుడి బండి స్టీరింగ్ అడ్డంగా 40 సెంటీమీటర్లు. చుట్టుకొలత సుమారు 126. అందులో 30 డిగ్రీలంటే పదిన్నర సెంటీమీటర్లు, అంటే మన బెత్తెడు మీద మరికొంచెం. 16 అంటే 45 డిగ్రీలు దాటినట్టే. ఎనిమిదేళ్లు నిండిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి, అల్లుడి బండికి వచ్చే నెల్లోనే గడువు.

"ఇన్నిదినాలు నడిపిన గద మామా, ఏం గాలె" అన్నాడు.

అరవై వేగంలో బండి సెకనుకు 16 మీటర్ల పైనే పోతుంది. అడ్డమొచ్చిన బర్రెను తప్పించడానికి స్టీరింగ్ తిప్పినప్పుడు, ఆ ఆట తీరడానికే అర సెకను పట్టిందనుకోండి, చక్రం కదిలేలోగా బండి ఎనిమిది మీటర్లు ముందుకెళ్తుంది. ఇన్నాళ్లూ ఏం కాలేదంటే ఆ ఎనిమిది మీటర్లలో బర్రె లేదు, అంతే.

నేరస్తుడు ఒక్కడు కాదు

జనగామ షెడ్డులో నేను నేర్చుకున్న మొదటి పాఠం పడుకోవడం. పాలకుర్తి దారిలో తిరిగే ఓ జీపు వచ్చింది, స్టీరింగ్ గిలకలా ఆడుతోంది. నేను గబగబా డబ్బా విప్పడానికి పానా తీశాను. ఉస్తాద్ నా చేతిలోంచి పానా గుంజుకుని, "పో, కింద పండుకో. నేను స్టీరింగ్ ఊపుత. ఏది ఎప్పుడు కదులుతదో చూసి చెప్పు" అన్నాడు. పడుకుని చూస్తే డబ్బాకు డబ్బాయే ఛాసిస్ మీద ఊగుతోంది. మూడు బోల్టుల్లో ఒకటి లేదు, ఒకటి వదులు. లోపలి పళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. కొత్త డబ్బా ఖర్చు రెండు బోల్టులతో తప్పింది.

అదే పని అల్లుడితో చేయించాను. వాడు పైనుంచి స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపాడు, నేను కింద టార్చి పట్టుకున్నాను. చూడాల్సిన వరుస ఒకటుంది. స్టీరింగ్ నుంచి డబ్బాలోకి దిగే కడ్డీ మీది జాయింట్, డబ్బాను ఛాసిస్‌కు పట్టే బోల్టులు, అక్కడ ఛాసిస్ ఇనుముకు పగులేమైనా ఉందా అన్నది, డబ్బా కింద వేలాడే డ్రాప్ ఆర్మ్, దాని నుంచి చక్రాలకు పోయే రాడ్లు, వాటి చివర్ల బాల్ జాయింట్లు, ఆఖరున చక్రం బేరింగు. ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీదున్న బండ్లయితే డ్రాగ్ లింకూ, కింగ్ పిన్నూ చూడాలి. రెండు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉంటే ఐడ్లర్ ఆర్మ్ చూడాలి. ఎక్కడ ఒక ముక్క కదిలి, దాన్ని ఆనుకున్న ముక్క కదలకుండా ఆగిందో అక్కడ ఆట ఉన్నట్టు.

రెండు దొరికాయి. ఒక టై రాడ్ చివరి జాయింట్ రబ్బరు చిరిగి లోపల దుమ్ము కొట్టుకుపోయింది. పై జాయింట్ బోల్టు అరచుట్టు వదులు. చివరి జాయింట్ కొత్తది వేసి, బోల్టు బిగించి, మళ్లీ టేపు పెట్టాను. 16 కాస్తా 11 అయింది. మిగతా 11లో ఎక్కువ భాగం డబ్బాదే. మెకానిక్ చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. కాకపోతే సగం చూసి పూర్తి తీర్పు చెప్పాడు.

డబ్బాలో ఏముంది?

లారీ జాకీ తిప్పుతుంటే మర పైకి పాకుతుంది కదా, స్టీరింగ్ డబ్బాలో పని కూడా అలాంటిదే. స్టీరింగ్ కడ్డీ చివర మరలాంటి వార్మ్ ఉంటుంది. దాని మీద ఒక నట్టు అటూ ఇటూ పాకుతుంది. నట్టుకు పక్కన పళ్లుంటాయి, ఆ పళ్లు సెక్టార్ షాఫ్ట్‌ను తిప్పుతాయి. ఆ షాఫ్ట్ కింది కొనకు డ్రాప్ ఆర్మ్ ఉంటుంది. మరకూ నట్టుకూ మధ్య నేరుగా రాపిడి ఉంటే చేతులు పడిపోతాయి. అందుకే సైకిల్ హబ్బులో ఉన్నట్టు ఉక్కు గుండ్లు వేశారు. అవి గాడిలో దొర్లుకుంటూ వెళ్లి, ఒక గొట్టం గుండా మళ్లీ మొదటికొస్తాయి. ఈ పద్ధతిని జనరల్ మోటార్స్ వాళ్లు 1940లో క్యాడిలాక్ కార్లలో తెచ్చారు. నేను నేర్చుకున్న పాత విల్లీస్ తరం జీపుల్లో ఇది లేదు. అక్కడ గాడిలో పెగ్గులు జారే రాస్ పద్ధతి. దాన్ని నడిపినవాళ్ల భుజాలు చూస్తేనే తెలిసేది.

డబ్బా మీద ఒక స్క్రూ, దానికి లాక్ నట్టు ఉంటాయి. స్క్రూ బిగిస్తే పళ్లు దగ్గరపడి ఆట తగ్గుతుంది. రోడ్డు పక్క వైద్యమంతా ఇక్కడే జరుగుతుంది. ఐదు నిమిషాల పని, వంద రూపాయలు, "బిగుసుకున్నది పో." కొంత అరుగుదలకు అది సరైన మందే, స్క్రూ పెట్టింది అందుకే. కానీ బండి బతుకంతా ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది. పళ్లు మధ్యలో ఎక్కువ అరుగుతాయి, చివర్లలో కొత్తగానే ఉంటాయి. మధ్యలో ఆట పోయేదాకా బిగిస్తే, మలుపులో అరగని పళ్ల దగ్గర పట్టేస్తుంది.

అల్లుడి డబ్బాకు పావు చుట్టు బిగించి చూశాను. ఆట 6కు వచ్చింది. వాడి మొహం వెలిగింది. "ఇంక చాలు మామా, పైసలు మిగిలినయ్." ఒక చక్కర్ కొట్టి రమ్మన్నాను. రైల్వే గేటు దాకా పోయి వచ్చాడు. "మలుపు తిరిగినంక స్టీరింగ్ వాపస్ వస్తలేదు, చేత్తో గుంజాల్సి వస్తుంది" అన్నాడు. మలుపు తర్వాత దానంతటది తిన్నగా రాని స్టీరింగ్, ఆడే స్టీరింగ్ కంటే చెడ్డది. స్క్రూ మళ్లీ పాత చోటికి తెచ్చాను. డబ్బా మార్చాల్సిందే అని అప్పుడు ఒప్పుకున్నాను.

పాతది చేత పట్టుకుని పో

డబ్బా విప్పి, కడిగి, గోనెసంచిలో వేసి అల్లుడి భుజాన పెట్టాను. ఇద్దరం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ పోయాం. ఫోన్లో ఫొటో పంపితే చాలదా అన్నాడు దారిలో. భూపాలపల్లిలో ఉన్నప్పుడు చూసిన సంగతి చెప్పాను.

సింగరేణి గనుల దగ్గర సామాను తోలే ఒక పికప్పుకు తుక్కు దుకాణం నుంచి డబ్బా తెచ్చి బిగించారు. చూడ్డానికి అచ్చం అదే. నాలుగు బోల్టులూ సరిగ్గా కూర్చున్నాయి. కానీ డ్రాప్ ఆర్మ్ ఒక పన్ను పక్కకు ఎక్కించారు. షాఫ్టుకు 36 పళ్లుంటే ఒక పన్ను తేడా అంటే 10 డిగ్రీలు. స్టీరింగ్ తిన్నగా కనిపించడానికి రాడ్డు పొడవు మార్చి సర్దేశారు. బండి తిన్నగా పోతుంది, ఎడమకు బాగా తిరుగుతుంది, కుడికి మాత్రం ముందే ఆగిపోతుంది. కాటారం దాటాక అడవి దారిలో కుడి మలుపులో ఆ డ్రైవర్‌కు సంగతి తెలిసింది. బండి పొదల్లోకి దిగింది. అదృష్టం, మనుషులకు దెబ్బలు తగల్లేదు. ఆ డబ్బా ఫొటోలో చూస్తే ఏ లోపమూ కనపడేది కాదు.

దుకాణం బల్ల మీద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాల్సినవి ఇవి. పోత మీద ఉన్న పార్ట్ నంబరు. బోల్టు రంధ్రాల దూరం. పై కడ్డీ పళ్ల లెక్క, లావు. కింద షాఫ్టు పళ్ల లెక్క, సన్నబడే తీరు. షాఫ్టు మీద గుర్తు పన్ను ఉందా అన్నది, ఉంటే డ్రాప్ ఆర్మ్ ఒకే తీరుగా కూర్చుంటుంది. తర్వాత రెండింటినీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చుట్లు లెక్కపెట్టాలి. మాది ఐదుంపావు చుట్లు. దుకాణదారుడు మొదట చూపించింది నాలుగే చుట్లు తిరిగింది. నాలుగు చుట్లది చురుగ్గా ఉంటుంది గానీ పవర్ లేకుండా మిర్చి లోడుతో తిప్పాలంటే భుజం గూడు జారుతుంది. ఇక ముఖ్యమైనది తిరిగే దిక్కు. పై కడ్డీని కుడికి తిప్పితే కింది షాఫ్టు ఎటు తిరుగుతోందో రెండింట్లోనూ చూడాలి. ఎడమ స్టీరింగ్ దేశాల కోసం చేసినదో, వేరే అమరిక ఉన్న మోడల్‌దో వస్తే, కుడికి తిప్పిన బండి ఎడమకు పోతుంది.

ఆటోనగర్‌లో మా ముందు నాలుగు దారులు కనపడ్డాయి. మొదటిది బండి కంపెనీ పేరుతో వచ్చే అసలు డబ్బా. నమ్మకం ఎక్కువ, ధరా ఎక్కువ. పాత మోడళ్లకు స్టాకు ఉండటమే కష్టం. రెండోది, బండి కంపెనీలకు స్టీరింగ్ తయారుచేసి ఇచ్చేవాళ్లే తమ పేరుతో బజార్లో అమ్మేది. ఈ సంగతి చాలామంది డ్రైవర్లకు తెలియదు. బండ్ల కంపెనీలు స్టీరింగ్ డబ్బాలను చాలావరకు బయటి నుంచే కొంటాయి. చెన్నైలో రాణే మద్రాస్ మెకానికల్ స్టీరింగుల్లో పాత పేరు. పవర్ స్టీరింగులకు ఒకప్పటి రాణే టీఆర్‌డబ్ల్యూ ఇప్పుడు జెడ్‌ఎఫ్ రాణే. ఉత్తరాదిన సోనా కోయో 2018 నుంచి జేటెక్ట్ ఇండియా. మీ పాత డబ్బా పోత మీద ఎవరి గుర్తుందో తుడిచి చూడండి, వెతకాల్సింది ఎవరి సరుకో అదే చెబుతుంది.

మూడోది రీకండిషన్. దీన్ని తక్కువగా చూడను. ఆర్టీసీలో అరిగిన యూనిట్లు జోనల్ వర్క్‌షాపుకు పోయి, బాగై తిరిగొచ్చేవి. మేం వాటినే బిగించేవాళ్లం. అక్కడ కొలతలు తీసే మనిషి ఉంటాడు, పరీక్ష ఉంటుంది. రోడ్డు పక్క రీకండిషన్‌లో ఆ మనిషి ఉన్నాడో లేడో తేల్చుకోవాలి. వార్మ్, నట్టు కొత్తవి వేశారా, లావు గుండ్లు వేసి ఆట మూసేశారా? సెక్టార్ షాఫ్టు బుష్ మార్చారా, సీళ్లు మార్చి రంగేశారా? ఒంటి మీద ఎక్కడైనా వెల్డింగ్ ఉందా? జవాబు తడబడితే లేచి వచ్చేయడమే.

నాలుగోది తుక్కులోది. చాలా బండ్లు తుక్కుకు చేరేది యాక్సిడెంట్ అయ్యాకే. గుద్దుడు దెబ్బ చక్రం నుంచి రాడ్డుకు, రాడ్డు నుంచి షాఫ్టుకు వస్తుంది. పళ్లు సూటిగా కాకుండా కొంచెం మెలితిరిగి కనిపిస్తే ఆ షాఫ్టు దెబ్బ తిన్నదే. రాత్రికి రాత్రి బండి నడవాలన్న తొందరలో కూడా నేను దీన్ని ఒప్పుకోను. వీటన్నిటి పక్కనే, పేరు అక్షరం తేడాతో మంచి డబ్బాలా మెరిసే డూప్లికేట్ కూర్చుని ఉంటుంది. బిల్లు ఇస్తారా అని అడగండి చాలు.

మేం రెండో దారి పట్టాం. నంబరు కలిసింది, చుట్లు కలిశాయి, దిక్కు కలిసింది. బిల్లు తీసుకున్నాం.

పవర్ మోజు

బిల్లు కట్టే ముందు అల్లుడు ఆగాడు. "మామా, ఎట్లైన మారుస్తున్నం గద, పవర్ స్టీరింగే ఏసుకుందామా?"

వాడి కోరిక తప్పు కాదు. 1951లో అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్‌లో వచ్చిన సుఖం మన ట్రాలీ డ్రైవర్ల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. రోజంతా తోలేవాడికి అది విలాసం కాదు, నడుం నొప్పికి మందు. కానీ పవర్ స్టీరింగంటే ఒక్క డబ్బా కాదు. ఇంజన్‌కు పంపు కావాలి, పంపు కూర్చోవడానికి బ్రాకెట్, తిప్పడానికి పుల్లీ, బెల్టు, ఆయిల్‌కు రిజర్వాయర్, ఒత్తిడి తట్టుకునే హోసు, వెనక్కి తెచ్చే హోసు. పంపు ఒత్తిడి, డబ్బా తట్టుకునే ఒత్తిడి ఒకదానికొకటి సరిపోవాలి. అదే మోడల్ పవర్‌తో వచ్చి ఉంటే, ఆ సామాను మొత్తం ఒకేచోట కొత్తది దొరికితే, చేసిన చేయి నమ్మకమైనదైతే ఆలోచించవచ్చు. ఇక్కడో పంపు, అక్కడో డబ్బా ఏరుకొచ్చి అతికిస్తే లోడుతో దిగుడులో హోసు ఊడిన రోజున ఆ బరువంతా ఒక్కసారిగా చేతుల మీద పడుతుంది.

మిర్చి సీజన్ ముంగిట్లో ఉంది. వాడి దగ్గరున్న డబ్బు డబ్బాకూ, రెండు ముందు టైర్లకూ సరిపోతుంది. టైర్లే కొనమన్నాను.

బిగించడమే సగం పని

మర్నాడు మా వాకిట్లోనే బిగించాం. కొత్త డబ్బా కడ్డీని ఈ కొసకు తిప్పి, ఆ కొస దాకా చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగం వెనక్కొచ్చి ఆపాను. చక్రాలు తిన్నగా, స్టీరింగ్ ఆకులు తిన్నగా, డబ్బా నడిమధ్యలో. ఈ మూడూ కలిశాకే డ్రాప్ ఆర్మ్ ఎక్కాలి. పాత ఆర్మ్‌ను తీసేటప్పుడు కూడా పుల్లర్‌తోనే తీశాం. సుత్తెతో కొడితే ఆ దెబ్బ లోపలి పళ్లకు తగులుతుంది. గ్యాస్ మంటతో కాలిస్తే ఇనుము గుణమే మారిపోతుంది. బోల్టులకు కొత్త లాక్ వాషర్లు, నట్లకు కొత్త స్ప్లిట్ పిన్నులు వేశాం. డబ్బాలో గేర్ ఆయిల్ ఎంత పోయాలో చూసి పోశాం. పవర్ డబ్బా అయితే బండి పుస్తకంలో చెప్పిన ఆయిలే పోసి, ముందు చక్రాలు గాల్లోకి లేపి, స్టీరింగ్ అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ గాలి బుడగలు పోయేదాకా ఓపిక పట్టాలి.

అల్లుడు స్టీరింగ్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పాడు. రెండు వైపులా చక్రాల దగ్గరి స్టాపర్ బోల్టే ముందు ఆనాలి, డబ్బా లోపలి కొస కాదు. ఆనింది. తర్వాత వీల్ అలైన్‌మెంట్‌కు పంపాను. అది చేయించకపోతే నెల తిరక్కుండా కొత్త టైర్ల అంచులు తినేస్తాయి, అప్పుడు తప్పు డబ్బా మీద పడుతుంది.

సాయంత్రం మళ్లీ సుద్ద గీతలు పెట్టాం. టేపు 3 సెంటీమీటర్లు చూపించింది.

రిటైరైనా ఆర్టీసీ అలవాటు పోలేదు నాకు. అక్కడ బండి దిగిన డ్రైవర్ లాగ్ షీట్లో లోపం రాస్తే తప్ప గ్యారేజీలో పని మొదలవదు. అల్లుడి చేతికి ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి మొదటి పేజీలో మూడు వరుసలు రాయించాను: జాయింట్లు మార్చకముందు 16, మార్చాక 11, డబ్బా మార్చాక 3. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలని, నెలకోసారి టేపు పెట్టాలని కింద రాశాడు.

ఉగాది ముందు రోజు ఫోన్ చేశాడు. ఎనుమాములలో మిర్చి దించి వస్తున్నాడట. ఫిట్‌నెస్ అయిపోయిందని చెప్పాడు. "బోల్టులు బిగించిన మామా. టేపు గూడ పెట్టిన. మూడే ఉన్నది" అన్నాడు. ఆ తర్వాత కొంచెం ఆగి, "అత్తకు చెప్పు, టేపు నా బండ్లనే ఉండిపోయింది" అన్నాడు.

మా ఆవిడకు కొత్త టేపు కొనిచ్చాను.